జాంజిబారు చేరిన కోతి కథ

సూరత్ జిల్లాలో పల్సాణా తాలూకాకు చెందిన జోల్వా ఇప్పుడు పేరుకు మాత్రమే గ్రామం. పాలియెస్టర్ నూలు తీసే కర్మాగారాలు, బట్ట నేసే షెడ్లు దానిని చుట్టుముట్టి ఉన్నవి. రాత్రి పగలు అనే భేదం లేకుండా మరమగ్గాల మోత వినబడుతూ ఉంటుంది. తెలంగాణ జిల్లాలనుండి బ్రతుకు తెరువు వెదుక్కుంటూ సూరత్ ప్రాంతానికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నవి. సిరిసిల్లవైపునుండి వచ్చి జోల్వాలో స్థిరపడిన ఒక బంధువుల ఇంట నేను కొన్ని దినాలు ఉండటం తటస్థించినది. ఆ ఇంటి పిల్లలు తల్లిదండ్రులతో తెలుగు, బడిలో గుజరాతీ, వీధిలో హిందీ మాట్లాడుతారు. మూడు భాషలను ఒకే వాక్యంలో కలిపివేయడానికి వారికేమీ సంకోచం లేదు. అనువాదమే వృత్తిగా పెట్టుకున్న నాబోటివానికి అటువంటి ఇల్లు ఒక పాఠశాల.

ఆ దినాలలో నా చేతిలో ఒక పని ఉన్నది. ఆఫ్రికా జానపద కథలను పిల్లలకోసం హిందీలో చెప్పిన ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు చేయవలసి ఉన్నది. ఒక సాయంకాలం మగ్గాలకు కరెంటు పోయిన వేళ, చీకటిలో కూర్చున్న పిల్లలకు అందులోని మొదటి కథ చెప్పినాను. సముద్రపు ఒడ్డున చెట్టుమీద ఒక కోతి, నీటిలో ఒక సొరచేప, రెండింటికీ స్నేహం. నేను సగానికి రాకముందే పెద్దపిల్ల అడ్డు తగిలినది. “ఇది మన కథనే గద, పెద్దబాపూ! మొసలి ఉండాలె, నేరేడుపండ్లు ఉండాలె. దరియాల సొరచేప ఎట్లొచ్చింది? మనోళ్లు ఆళ్లకాడికెల్లి తెచ్చిన్రా, ఆళ్లే మనకాడికెల్లి కొంటవోయిన్రా?”

ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోతిని. ఈ వ్యాసం ఆ సమాధానమే.

మనకు తెలిసిన కథ పంచతంత్రంలో నాలుగవదైన లబ్ధప్రణాశ తంత్రానికి మూలకథ. జైనయతి పూర్ణభద్రుడు 1199లో కూర్చిన పాఠంలో కోతి పేరు రక్తముఖుడు, మొసలి పేరు కరాళముఖుడు. సముద్రతీరాన ఉన్న నేరేడుచెట్టు వారి స్నేహానికి ఆలంబనం. కోతి పండ్లు రాల్చడం, మొసలి వాటిని భార్యకు కొనిపోవడం, ఆమె అంత తీయని పండ్లు తినేవాని గుండె ఇంకెంత తీయగా ఉండునో అని ఆశపడటం, నట్టనడి నీటిలో మొసలి నిజం చెప్పివేయడం, గుండెను చెట్టుమీద మరచి వచ్చితినని కోతి తప్పించుకోవడం: ఇంతవరకు పసిపిల్లలకు కూడా తెలిసినదే. దీనికంటె ప్రాచీనమైన రూపం పాలిభాషలోని జాతకకథలలో ఉన్నది. సుంసుమార జాతకంలో మొసలి గంగానదిది. అందులో బోధిసత్త్వుడైన వానరుడు ఒడ్డున విరగకాసిన మేడిచెట్టును చూపించి, అదిగో మా గుండెలు అక్కడ వేలాడుచున్నవి అంటాడు.

తెలుగులో ఈ కథ నడిచిన తీరు కొంచెం విచిత్రమైనది. 15వ శతాబ్దిలోనే దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని పద్యకావ్యంగా రచించినాడు. అయినా ఆధునిక కాలంలో తెలుగు విద్యార్థులు పంచతంత్రమనగా ఎరిగినది 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికనే. సూరి మిత్రలాభ, మిత్రభేదములను మాత్రమే వ్రాసినాడు. తరువాత కందుకూరి వీరేశలింగం సంధి, విగ్రహములను చేపట్టినాడు. ఈ నాలుగు భాగాల విభజన హితోపదేశం ననుసరించినది. లబ్ధప్రణాశానికి అందులో స్థానం లేదు. కాబట్టి కోతీ మొసలీ కథ మన బడులలోనికి సూరిగారి గంభీరమైన వాక్యాలద్వారా రాలేదు. అమ్మమ్మలు చెప్పగా, చిన్న తరగతుల వాచకాలు అచ్చువేయగా వచ్చినది. అందుకే కావచ్చును, దానికి తెలుగులో ఒక స్థిరమైన పాఠం లేదు. ఎవరి మొసలి వారిదే.

ఇక సొరచేప సంగతి. 1864లో జాంజిబారు చేరిన ఎడ్వర్డ్ స్టీర్ అనే ఆంగ్ల మతగురువు స్వాహిలీ భాష నేర్చి, అక్కడి వారు నోట చెప్పిన కథలను వ్రాసుకొని 1870లో లండనులో ప్రకటించినాడు. ఒక పుట స్వాహిలీ, దానికెదురుగా ఆంగ్లం: పుస్తకపు అమరిక అది. తరువాత 1901లో చికాగోలో జార్జ్ బేట్‌మన్ జాంజిబారు కథలను పిల్లలు చదువుకొనేటట్లు ఆంగ్లంలో వెలువరించినాడు. ఈ రెండింటిలోను మన కోతి ఉన్నది. దాని పేరు కీమా. స్వాహిలీలో కీమా అంటే ఒక జాతి కోతి. సొరచేప పేరు పాపా. పాపా అంటే సొరచేపే. కోతి నివాసం మ్కుయు చెట్టు. దాని కొమ్మలు సగం నేలమీదికి, సగం సముద్రంమీదికి వ్రాలి ఉంటవి. మ్కుయు అంటే మేడి జాతి వృక్షమే.

కథ దాదాపు మనదే, కాని ఒకచోట త్రోవ మారుతుంది. మొసలి భార్య అక్కడ లేదు. సొరచేప తన ఊరు చూడరమ్మని కోతిని పిలుస్తుంది. ఒక్క నీటిచుక్క కూడా తగలకుండా మోసుకుపోతానంటుంది. సగం దూరం పోయిన పిమ్మట, తమ సుల్తాను జబ్బుపడినాడనీ, కోతిగుండె తప్ప మందు లేదనీ బయటపెడుతుంది. అప్పుడు కోతి, ముందే చెప్పి ఉంటే తెచ్చి ఉందునే, మేము ప్రయాణాలలో గుండెలను చెట్లమీద వదలి ఒట్టి దేహాలతో తిరుగుతాము, నమ్మకపోతే చంపి చూచుకో అంటుంది. సొరచేప నమ్మి వెనుకకు తిరుగుతుంది.

ఈ మార్పు నాకు మిక్కిలి నచ్చినది. లబ్ధప్రణాశంలో అసలు కథకు తోడు భార్యల కపటాన్ని చాటే ఉపకథలు కుప్పలుగా ఉన్నవి. పిల్లలకు చెప్పేటప్పుడు ఆ మొసలి భార్య ఎప్పుడూ నన్ను ఇబ్బంది పెడుతూనే ఉన్నది. భర్తకు ఒక స్నేహితుడుండటం సహించని ఇల్లాలిని ఏడేళ్ల పిల్లకు ఎట్లు వివరించేది? జాంజిబారు కథకుడు ఆ చిక్కును తొలగించినాడు. తొలగించవలెనని తొలగించి ఉండడు. ఒమాను సుల్తాను సయ్యద్ సయీద్ 1840 ప్రాంతాన తన రాజధానిని జాంజిబారుకు మార్చుకున్నాడు. సుల్తానుకు జబ్బుచేస్తే ఊరంతా మందుకోసం తిరగవలసిన దేశమది. అక్కడివారికి ఆజ్ఞ అంటే దర్బారు ఆజ్ఞ. పాపా స్నేహద్రోహి అయినది ఇంటిపోరు పడలేక కాదు, ప్రభువుకు జంకి. పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది. పెద్దలకు ఇంకా సులభంగా అర్థం కావలె.

ఇంతవరకైతే, రెండు దేశాలవారు వేరువేరుగా ఒకే కథ అల్లుకున్నారని వాదించడానికి వీలున్నది. మోసపోయిన జలచరం, బ్రతికి బయటపడిన కోతి అనే భావన ఎక్కడైనా పుట్టవచ్చును. ఆ వాదాన్ని ఒక గాడిద చెడగొట్టినది.

చెట్టెక్కిన కీమా ఎంతసేపటికీ పలుకదు. సొరచేప క్రిందనుండి పిలుస్తుంది. అప్పుడు కోతి, “నన్ను దోబి గాడిద అనుకున్నావా?” అని అడుగుతుంది. అదేమి కథ అంటే చెబుతుంది. చాకలివాని గాడిద ఒకటి పారిపోయి అడవిలో ఏ పనీ లేక తిని బాగా బలిసినది. జబ్బునుండి తేరుకుంటూ వేటాడే శక్తి లేని సింహంకోసం ఒక కుందేలు దానివద్దకు పోయి, నిన్ను సింహం పెండ్లాడ గోరుచున్నది అని నమ్మించి తెచ్చినది. సింహం మీదపడగానే గాడిద తన్ని పారిపోయినది. కుందేలు మరల పోయి మంచి మాటలు చెప్పినది. గాడిద మరల వచ్చినది, ఈసారి చచ్చినది. దాని గుండె, చెవులు తనకు కావలెనన్నది సింహం. కుందేలు చాటున వాటిని తినివేసి, ఈ గాడిదకు గుండె, చెవులు ఉండి ఉంటే రెండవసారి వచ్చునా అన్నది.

ఈ గాడిదకు పూర్ణభద్రుని పాఠంలో లంబకర్ణుడని పేరు. దాని యజమాని అక్కడ కూడా చాకలివాడే. సింహం పేరు కరాళకేసరుడు; మోసగించిన నక్క పేరు ధూసరకుడు. అక్కడ కూడా గాడిద కథ చెప్పేది చెట్టెక్కి క్షేమంగా కూర్చున్న కోతి. చెప్పేది తనను మరల రమ్మని పిలుస్తున్న మొసలికి. కథ ఒక్కటే అయితే గాలికి ఎగిరివచ్చిన గింజ అనుకోవచ్చును. కథలో కథ, అది అతికిన చోటుతో సహా, చాకలివానితో సహా, గుండె చెవులతో సహా కనబడితే అది చేతితో నాటిన మొక్క.

ఎవరు నాటినారు? పంచతంత్రం 6వ శతాబ్దిలో ఇరాను చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యునిచేత పహ్లవీ భాషకు పరివర్తితమైనది. 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా దానిని కలీలా వ దిమ్నా అనే పేరుతో అరబ్బీ చేసినాడు. అరబ్బీలో మొసలి తాబేలయినది, నేరేడు అత్తి అయినది. జాంజిబారు సముద్రతీరం అరబ్బీ చదువులకు అలవాటుపడిన ప్రాంతం. మ్కుయు చెట్టును చూచినప్పుడు నాకు మొదట తోచినది ఇదే త్రోవ. అయితే ఒక్క చెట్టును సాక్ష్యంగా పట్టుకొని తీర్పు చెప్పకూడదు. జాతకంలో కూడా మేడిచెట్టే ఉన్నదని ఇంతకుముందే చెప్పినాను. పైగా మేడిపండు మాటను పూర్తిగా నమ్మడం తెలుగువారికి అలవాటు లేదు. వేమన మనకు ఆ జాగ్రత్త నేర్పినాడు.

నన్ను ఆపినది వేరొక మాట. హిందీ పుస్తకంలో ‘ధోబీ కా గధా’ అని ఉన్నది. హిందీలో అది సహజమే కాబట్టి మొదట నేను పట్టించుకోలేదు. ఆ హిందీకి మూలమైన ఆంగ్లంలో ‘బట్టలుతికేవాడు’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదమే ఉన్నది. స్టీర్ పుస్తకంలో ఎదుటి పుటలోని స్వాహిలీ చూచినప్పుడుగదా తెలిసినది, అక్కడ ఉన్న మాట ‘పుండా వా దోబి’. పుండా అంటే గాడిద. దోబి అంటే మన దోబియే. మన రేవులలో ఓడ ఎక్కిన ఆ మాట జాంజిబారులో దిగి, కథలో కుదురుకొని, ఆంగ్లంలో తన వేషం మార్చుకొని, హిందీలోనికి వచ్చి మరల తన రూపం తాను ధరించినది. దానిని ఇంటికి తెచ్చిన హిందీ అనువాదకునికి తాను తెచ్చినది దేనినో తెలిసి ఉండకపోవచ్చును.

స్వాహిలీలో మన మాటలు ఇంకా ఉన్నవి. దుకాణం దుకా, బండి గారి, చపాతీ చపాతీయే, లక్ష లాకి. ఇవి పండితులు గ్రంథాలలో మోసుకుపోయిన మాటలు కావు. బేరమాడేటప్పుడు, బట్టలు ఉతకడానికి వేసేటప్పుడు, వంటయింటిలో నేర్చుకున్న మాటలు. ఈశాన్యపు గాలులు వీచే చలికాలంలో గుజరాతు రేవులనుండి తెరచాప ఓడలు ఆఫ్రికా తీరానికి పోయేవి. నైరుతి గాలులు పట్టుకొని తిరిగి వచ్చేవి. గాలి మళ్లేవరకు నెలల తరబడి అక్కడే ఉండక తప్పదు. మధ్యలో వారికి చేయవలసిన పని తక్కువ, చెప్పుకొనవలసిన కథలు ఎక్కువ. 19వ శతాబ్దిలో జాంజిబారు సుల్తాను సుంకాల వసూలును గుత్తకు తీసుకున్న జైరామ్ శివ్‌జీ కచ్ దేశపు భాటియా వర్తకుడు. అంత పెద్ద వర్తకుని వెంట గుమాస్తాలు, వంటవాళ్లు, చాకళ్లు పోకుండా ఉంటారా? కథాశరీరం అరబ్బీ త్రోవను పోయి ఉండవచ్చును. గాడిద యజమానికి ఆ పేరు పెట్టినది మాత్రం గుజరాతు రేవుల త్రోవయే అని నా అభిప్రాయం. ఒకే కథ రెండుసార్లు ప్రయాణం చేయకూడదనే నియమమేదీ లేదు.

సూరత్‌లో కూర్చుండి ఈ సంగతి ఆలోచిస్తున్నప్పుడు ఆఫ్రికా దూరదేశంగా తోచలేదు. ఈ జిల్లాలోనే సచీన్ అనే ఊరున్నది. 1791లో ఏర్పడి 1948లో బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయిన సచీన్ సంస్థానానికి నవాబులు ఆఫ్రికా సంతతివారైన సిద్దీలు. పక్కనున్న భరూచ్ జిల్లాలో రతన్‌పూర్ కొండమీద బావా గోర్ దర్గా సిద్దీలకు పుణ్యస్థలం. వారు ఆడే గోమా నృత్యానికి ఆ పేరు ఇచ్చినది స్వాహిలీ మాట ‘న్గోమా’యే, దానికి డోలు అని, ఆట అని అర్థాలు. మన హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అనే పేటగుండా నిత్యం పోయేవారిలో ఆ అక్షరాలు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళానికి గుర్తులని ఎందరు తలచుకొంటారు? రాకపోకలు ఒకవైపు మాత్రమే జరిగినవని అనుకోవడం మన అలవాటు. ఆ రాకపోకలన్నీ స్వచ్ఛందమైనవి కావనే సంగతి కూడా ఇక్కడ మరువకూడదు. కొందరు సరుకు అమ్ముకొనడానికి ఓడ ఎక్కినారు. కొందరిని సరుకుగా ఎక్కించినారు.

గుజరాతీ బాలసాహిత్యానికి మూలపురుషుడైన గిజుభాయీ బధేకా కూడా 1907లో ఉద్యోగార్థం తూర్పు ఆఫ్రికాకు పోయి వచ్చినవాడే. తిరిగివచ్చిన తరువాత న్యాయవాది అయి, దానిని విడిచి, 1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించినాడు. పిల్లలకు కథ చెప్పడాన్ని చదువులో ఒక ప్రధానాంగంగా నిలబెట్టినవాడు ఆయన. జోల్వా పిల్లల బడి వాచకాలలోని కథల వెనుక ఆయన నీడ ఉన్నదని వారికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

ఇక నా చేతిలోని పనికి వస్తాను. హిందీ పుస్తకంలో బొమ్మలున్నవి. కోతి చుట్టూ దట్టమైన కీకారణ్యం. సుల్తాను తలమీద ఈకల కిరీటం. పక్కన ఈటె పట్టుకున్న భటులు. ఆఫ్రికా అనగానే చిత్రకారునికి తోచిన ఆఫ్రికా అది. ఈ కథ చెప్పినవారు రాతి మేడలున్న రేవుపట్టణపు మనుష్యులు. ఆ మేడల చెక్కడపు తలుపులలో గుజరాతు పనితనం కూడా ఉన్నది. లవంగాల తోటలు, మసీదులు, పద్దు పుస్తకాలు, దుకాణాలు, బట్టలుతికే దోబీలు గల ఊరది. మన కథకు ఆఫ్రికా వేషం వేసినారని ఆ పుస్తకం ముందుమాటలో ఉన్నది. నాకు కోపం వచ్చినది ఆ మాటకే. వేషమైతే తీసివేయడానికి వీలుండవలె. సొరచేపను, మ్కుయును, సుల్తానును, కుందేలును తీసివేస్తే మిగిలేది పూర్ణభద్రుని కథ, జాంజిబారు కథ కాదు. తూర్పు ఆఫ్రికా కథలలో సుంగూరా అనే కుందేలు గడుసుతనానికి పెట్టినది పేరు. నక్క పనిని దానికి అప్పగించిన కథకుడు ఎవరి కథనో అప్పు తెచ్చుకొని చెప్పడం లేదు. తన ఊరి కథ తాను చెబుతున్నాడు. ప్రచురణకర్తకు నేను వ్రాసిన ఉత్తరంలో ఈ మాటలే కొంచెం మెత్తగా వ్రాసినాను. ముందుమాటను వదలివేయడానికి వారు ఒప్పుకొన్నారు. బొమ్మలు మాత్రం అప్పటికే కొన్నవట. అవి అట్లే ఉన్నవి.

దోబిని ఏమనవలె? రజకుడనడం పిల్లలకు పెద్దమాట. చాకలి అన్నంత మాత్రాన మన ఊళ్ల కులవ్యవస్థ అంతా కథలోనికి నడచి వస్తుంది. జాంజిబారు కథకుని ఉద్దేశం అది కాదు. చివరకు దోబి అనే ఉంచినాను. హైదరాబాదు పిల్లవానికి దోబీఘాటు తెలుసు, జోల్వా పిల్లలకు ధోబీ తెలుసు, ఆ మాట ప్రయాణం చేసిన గుర్తు కూడా మిగులుతుంది.

అంతకంటె కష్టమైనది గుండె. సంస్కృతంలో హృదయం, స్వాహిలీలో మోయో: రెండూ దేహంలోని అవయవాన్నీ, లోపలి బుద్ధినీ కలిపి చెప్పగల మాటలు. తెలుగులో ‘గుండె లేని గాడిద’ అంటే పిరికి గాడిద అవుతుంది. కాని ఈ గాడిద పిరికిది కాదు. చెడిన చోటికే రెండవసారి వెళ్లడానికి పిరికితనం చాలదు. ‘మనసు లేని గాడిద’ అంటే దయ లేనిదనే అర్థం వస్తుంది. ‘బుద్ధి’ అందామంటే సింహం దానిని తినలేదు. ఈ చిక్కుతో రెండు దినాలు గడిచినవి. విడదీసినది నేను కాదు, మా బంధువుల ఇంటి పెద్దపిల్ల. తమ్మునికి ఈ కథ తిరిగి చెబుతూ ఆమె, “కోతి గుండెకాయ చెట్టుమీదనే మర్శిపోయింది” అన్నది.

గుండెకాయ! చెట్టుకు కాసే కాయ, గుండెలో ఉండే కాయ, రెండింటికీ మన భాషలో మాట ఒక్కటే. జాతకంలోని వానరుడు మేడిపండ్లను చూపించి మా గుండెలు అవిగో అనడానికి కొంత సాహసం చేయవలసి వచ్చినది. తెలుగు కోతికి ఆ కష్టం లేదు. గుండెకాయ చెట్టున ఉండక ఎక్కడ ఉంటుంది? సొరచేప నమ్మినదంటే దాని తప్పు కూడా కొంచెం తగ్గుతుంది. గాడిద కథలోను గుండెకాయ, చెవులు అనే ఉంచినాను. అవయవంగా సింహానికి పనికివచ్చినది, తక్కినది కుందేలు మాటవలన పిల్లలే గ్రహిస్తారు.

నేను బయలుదేరే ముందురోజు ఆ పిల్ల వీధిలో పదిమంది పిల్లలను కూర్చోబెట్టుకొని ఈ కథనే చెబుతుంటే విన్నాను. భాష హిందీ, గుజరాతీ, మధ్యమధ్య మన తెలుగు. దోబి ఉన్నాడు, గాడిద ఉన్నది, సుల్తాను కంపెనీ సేఠ్ అయినాడు. సొరచేప పోయి మొసలి తిరిగి వచ్చినది. సముద్రం పోయి తాపీనది వచ్చినది. సొరచేపను ఎందుకు తీసివేసినావని అడిగినాను.

“ఈళ్లెవ్వలు దరియా చూడలే, పెద్దబాపూ. తాపీల అయితే సమజయితది” అన్నది.